తెల్లరంగు వేసిన తేదీ

పొద్దున ఎనిమిది కావస్తా ఉండాది. మబ్బు కమ్ముకొని ఒకటే ఉక్కపోత, చినుకు మాత్రం రాలదు. మా ఇంటిది పుట్టింటికి పోయిందని రాత్రి నేను పొయ్యి ముట్టించుకోలేదు. కడుపు నకనకలాడతా ఉంటే షెడ్డు గేటుకాడ నిలబడి టీ బండి కోసం చూస్తా ఉన్నా. టీ బండి రాలేదు గాని ఆటో వచ్చింది. ఆటోలో అట్టపెట్టె, అందులో మా చెంచయ్యన్నకి కొత్త కంప్యూటరు.

ఆ ఆకలి నాకు ఇప్పటికీ గుర్తుండాది. పెట్టె లోపలికి మోసింది నేనే. రాళ్లు మోసే భుజానికి అదేం బరువు? అయినా గడపకాడ కళ్లు తిరిగి తూలినా. చెంచయ్యన్న వచ్చి పట్టుకున్నాడు.

"తిన్నావా?"

"లేదన్నా."

ఆయన తన క్యారేజీ తీసి, ఉన్న సద్ద రొట్టె నా చేతిలో పెట్టినాడు. పెట్టి, ఆ అట్టపెట్టె వైపు చూసినాడు. మనం ఇంట్లో లేనప్పుడు ఎవరో తెలియని మనిషి వచ్చి మన మంచం మీద కూర్చోనుంటే చూస్తాం చూడు, అట్ల చూసినాడు.

మార్కాపురం పలకలంటే తెలియనోళ్లు లేరు. ఇప్పుడు పిల్లోళ్లు పలకల మీద రాసేది తగ్గిపోయింది. మా షెడ్డులో చేసేది పేర్ల రాళ్లు. ఇండ్ల ముందర పెట్టుకునేవి కొన్ని, గుడికి చందా ఇచ్చినోళ్లవి కొన్ని, ఎక్కువ మాత్రం సమాధి రాళ్లే. మా పక్క చానా మంది కాల్చరు, సొంత చేన్లోనే పూడుస్తారు. మీద దిమ్మె కట్టి తలకాడ నల్లరాయి నిలబెడతారు. ఆ రాయి మీద పేర్లు రాసేది చెంచయ్యన్న. మోసుకపోయి నిలబెట్టేది నేనూ ఇంకో ఇద్దరూ. నా పేరు అంకయ్య. ఐదో తరగతిలో బడి మానినా. అక్షరం అక్షరం కూడబలుక్కొని చదువుతా, అంతే.

చెంచయ్యన్నది కురిచేడు పోయే దారిలో ఒక పల్లె. చిన్నప్పుడే రాయి పనికి వచ్చినాడు. నలభై ఏండ్లు దాటే వరకూ ఉలితోనే అక్షరాలు చెక్కినాడు. తర్వాత, ఇప్పుడున్న యజమాని వీరేంద్ర వాళ్ల నాయన కంప్యూటరు తెప్పించి, "నేర్చుకో చెంచయ్యా, ఉలి కాలం అయిపోయింది" అని కూర్చోబెట్టినాడు. ఆయన నేర్చుకున్నాడు. ఎట్ల నేర్చుకున్నాడో నాకు తెలియదు. ఆ ఏడాదే ఆయన భార్య రత్నమ్మ వదిన పోయింది. ఆయన కంప్యూటరుతో చేసిన మొట్టమొదటి రాయి ఆమెదే. పిల్లలు లేరు. ఆ తర్వాత ఆయనకి ఉండేదల్లా ఆ కంప్యూటరే అనుకో.

పని ఇట్ల జరుగుతాది. ఆయన కంప్యూటర్లో పేర్లు కొడతాడు. పక్కనుండే కోత మిషను ఆ అక్షరాలను స్టిక్కరు కాగితం మీద బ్లేడుతో కోస్తాది. కోసిన అక్షరాలను సూదితో పీకేసి, మిగిలిన కాగితాన్ని రాయికి అంటిస్తారు. తర్వాత గాలి మిషనుతో ఇసక కొడతారు. కాగితం లేని చోట ఇసక రాయిని తినేస్తాది. అక్షరం లోపలికి దిగుతాది. దిగిందంటే ఇంక ఆ రాయి ఉన్నన్నాళ్లూ ఉంటాది.

మా పక్క ఇంకో పద్ధతుండాది. మొగుడు పెండ్లాంలో ఒకరు పోతే, రాయి మీద ఇద్దరి పేర్లూ ఒకేసారి చెక్కిస్తారు. బతికుండే మనిషి పేరు కింద పుట్టిన తేదీ మాత్రం వేసి, రెండో తేదీ చోటు నున్నగా వదిలేస్తారు. ఎందుకంటే పలకరాయి పొరలుగా వస్తాది. ఒక పొర రంగు ఇంకో పొరకి కలవదు. పదేండ్ల తర్వాత వేరే రాయి తెచ్చి పక్కన పెడితే, ఇద్దరూ కొట్లాడి వేరుపడినట్టు కనపడతాది. అందుకని ఒకటే రాయి. రెండో మనిషి కూడా పోయినాక చెంచయ్యన్న ఉలి సంచి భుజానేసుకొని పోయి, ఆ చేన్లోనే కూర్చొని ఆఖరి తేదీ చెక్కి వస్తాడు. ఆ ఒక్క పనికే ఆయన ఉలి పట్టేది.

కొత్త కంప్యూటరు బల్ల మీద పెట్టిన రోజు వీరేంద్ర దగ్గరుండి వైర్లు తగిలించినాడు.

"పాతదాంట్లో ఉండే విండోస్ ముసల్దైపోయింది మామా. కొత్త కోత మిషను దాన్ని గుర్తు గూడా పట్టదు."

"మరి ఇందులో ఉండేది కొత్త విండోసా?"

"కాదు. ఇది వేరే ఆపరేటింగ్ సిస్టం. దీనికి పైసా కట్టే పనిలేదు. నీ పాత ఫైళ్లన్నీ ఇందులోకి ఎక్కించినా. నువ్వు మళ్లీ కొట్టే పని గూడా లేదు."

"పాతవన్నీ వచ్చినాయా?"

"ఒక్కటి గూడా పోలేదు."

ఆ సిస్టం పేరేదో చెప్పినాడు, నా నోటికి తిరగదు. చెంచయ్యన్న కూర్చొని మౌసు పట్టుకున్నాడు. ఆయన వేలు అలవాటుగా పోయే చోటికి పోయింది. అక్కడ ఏమీ లేదు. ఒక అక్షరం కొడితే ఇంకో అక్షరం వచ్చింది. మూయబోతే తెరుచుకుంది.

"ఏమన్నా, ఎట్లుండాది?" అన్నా నేను సాయంత్రం.

"ముప్పై ఏండ్లు కాపురం చేసిన ఇంట్లో, నేను నిద్రలో ఉండగా ఎవరో పొయ్యిని పడమటికి, నీళ్ల తొట్టిని తూర్పుకి మార్చినట్టుండాది రా. ఇల్లు నాదే. చీకట్లో తడుముకుంటే ఏదీ చేతికి తగలదు."

అక్షరాలు పీకే పనికి సుస్మిత అని ఒకామె ఉండాది, ఇద్దరు పిల్లల తల్లి. చెంచయ్యన్నని పెదనాయనా అని పిలుస్తాది. ఆయన కీబోర్డు గట్టిగా కొడతా ఉంటే, "పెదనాయనా, అది తలుపు కాదు, గుద్దితే తెరుచుకునేదానికి" అనేది. ఆయన నవ్వేవాడు. నవ్వితే దగ్గొచ్చేది. రాయి దుమ్ము తిన్నోళ్ల దగ్గు మాకందరికీ ఉండాది, ఆయనది కొంచెం లోతుగా ఉండేది.

వీరేంద్ర మంచోడే. కానీ పని ఆగితే ఓర్చుకోడు. "మామా, ఇది చేతికి రాకపోతే ఒంగోలు నుంచి ఎవరినన్నా పిలిపిస్తా. నువ్వు గేటుకాడ కుర్చీ వేసుకొని కూర్చుందువు గాని" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఇంకో మాట గూడా చెప్పినాడు. "ఇంతకుముందు మాదిరి నువ్వే కొట్టి, నువ్వే పీకి, నువ్వే రాయి తుడిచి చూసుకుంటా కూర్చుంటే కుదరదు. నువ్వు కంప్యూటరు ముందర నుంచి లేవొద్దు. మిగిలింది వాళ్లు చూసుకుంటారు."

అప్పటిదాకా ప్రతి రాయినీ చెంచయ్యన్న తడిగుడ్డతో తుడిచి, అక్షరాల్లో వేలు పెట్టి తడిమి గాని బయటికి పంపేవాడు కాదు. ఆ రోజు నుంచి ఆ అలవాటు పోయింది.

కొన్నాళ్లకి రాచర్ల అవతల పల్లె నుంచి రాజేష్ అనే ఆయన వచ్చినాడు. వాళ్ల నాయన రంగయ్య పోయినాడు. జీవాలు మేపుకునే కుటుంబం. అమ్మ పుల్లమ్మ ఉండాది. ఇద్దరి పేర్లతో రాయి కావాలన్నాడు. దినానికి ఎక్కువ వ్యవధి లేదు.

చెంచయ్యన్న పాత జంట రాయి ఫైలొకటి తెరిచి పేర్లు మార్చినాడు. రంగయ్య కింద రెండు తేదీలు, పుల్లమ్మ కింద పుట్టిన తేదీ ఒకటే. నేను వెనకాల నిలబడి చూసినా. తెర మీద సరిగ్గానే ఉండాది, పుల్లమ్మ పేరు కింద రెండో తేదీ చోటు తెల్లగా ఖాళీగా ఉండాది. కొత్త మిషను కర్రుకర్రుమని కోసింది. సుస్మిత సూదితో పీకింది. కరెంటు పోతా వస్తా ఉండాదని వీరేంద్ర తొందర పెట్టినాడు. ఇసక కొట్టినారు, నీళ్లు పోసినారు, గోనెపట్టా చుట్టినారు. మేము ట్రాలీ ఆటోలో ఎక్కించుకొని పోయినాం. పొద్దు గూకే ముందర, అక్షరాలు చదివే తీరిక గూడా లేకుండా రంగయ్య తలకాడ నిలబెట్టి, సిమెంటు వేసి, పసుపు నీళ్లు పోసి, మీద పసుపు గుడ్డ కప్పి వచ్చినాం. గుడ్డ తీసేది భార్యే. దినం రోజు, అందరి ముందర. తీసినాక కొడుకు పైకి చదవాల. అదీ పద్ధతి.

దినానికి నన్నూ చెంచయ్యన్ననీ భోజనానికి పిలిచినారు. పుల్లమ్మ సన్నంగా, గట్టిగా, కంపచెట్టు కొమ్మ మాదిరి ఉండే మనిషి. గుడ్డ లాగింది. రాజేష్ చదివినాడు. నాయన పేరు, పుట్టింది, పోయింది. తర్వాత అమ్మ పేరు, పుట్టింది. అక్కడ ఆగినాడు.

"చదువు రా, ఆగినావేంది?" అన్నది పుల్లమ్మ.

"అయిపోయింది మా."

గుంపులో ముందర నిలబడినాయన ఎవరో కళ్లు చిట్లించి మిగిలింది చదివేసినాడు. "పద్దెనిమిది, పదకొండు, రెండువేల ఇరవై ఐదు. ఇదేంది రా, ఇది ఇంకా రాలేదు గదా. వచ్చే కార్తీకం గదా ఇది."

దూరంగా జీవాలు అరుస్తా ఉండాయి. చెంచయ్యన్న ముందుకు పోయి రాయి మీద వేలు పెట్టి తడిమినాడు. ఒక్కొక్క అంకె తడిమినాడు. లోతుగా, శుభ్రంగా, ఆయన చేసే అన్ని రాళ్ల మాదిరే ఉండాయి.

"నేను కొట్టలేదు. ఆ తేదీ నేను కొట్టలేదు" అన్నాడు.

"నువ్వు కొట్టకపోతే అదే వచ్చి కూర్చుండాదా?" అన్నాడు రాజేష్.

పుల్లమ్మ మాత్రం రాయిని చూస్తా కొంచెం నవ్వింది. "పోనీలే. మీ నాయన చెప్పా పెట్టకుండా పోయినాడు. నాకు ముందే చెప్పినారు. సర్దుకోడానికి టైముండాది."

వీరేంద్ర విషయం తెలిసి, కొత్త రాయి ఉత్తగా చేసిస్తానన్నాడు. ఊర్లో పెద్దోళ్లు ఒప్పుకోలేదు. పసుపు నీళ్లు పోసి నిలబెట్టిన రాయిని సంవత్సరీకం దాటకుండా కదిలించకూడదు, కదిలిస్తే పూడ్చిన మనిషిని లేపినట్టే. సంవత్సరీకం వచ్చే ఎండాకాలం. ఆ తేదీ అంతకంటే ముందే వస్తాది.

చెంచయ్యన్న ఒక ఆదివారం రాయి పొడి, బంక కలుపుకొని పోయి ఆ అంకెలను పూడ్చినాడు. నేనూ తోడు పోయినా. నూనె రాసి రుద్దితే చేత్తో తడిమినా తెలియనట్టు అయింది. పుల్లమ్మ గొంగడి మీద కూర్చొని చూసింది. రెండు వానలు పడి ఎండ కాసినాక రాజేష్ ఫోనులో ఫోటో పంపించినాడు. బంక ఎండి తెల్లబారి ఉండాది. నల్లరాయి మీద మిగిలిన అక్షరాలన్నీ బూడిద రంగులో ఉంటే, ఆ తేదీ ఒక్కటే ముగ్గు వేసినట్టు తెల్లగా కనపడతా ఉండాది. రోడ్డు మీద పోయేవాడికి గూడా కనపడతాది.

అప్పటి నుంచి ఆయన తిండి తగ్గింది. క్యారేజీ మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేవాడు.

నేను గిద్దలూరు పక్క ఒక రాయి నిలబెట్టను పోయి, వచ్చేటప్పుడు పుల్లమ్మ ఇంటి మీదుగా వచ్చినా. మేకల దొడ్డి ఖాళీగా ఉండాది.

"జీవాలు యాడికి పోయినాయి అత్తా?"

"తెలిసినోళ్లకి తోలిచ్చినా. ఇంక ఎవరు మేపుతారు?"

"నువ్వు బాగానే ఉండావు గదా."

"బాగానే ఉండా. ఆయన గూడా ముందురోజు బాగానే ఉండాడు." వాకిట్లో మూట కట్టి పెట్టిన చీరలు చూపించింది. "కోడలికి చెప్పి పెట్టినా, ఏది కట్టాలో. కందులు గూడా వేయలేదు. కోసేది నేను కాదు గదా."

ఆమె గొంతులో భయం లేదు. దానికే నాకు భయమేసింది. కోడలు పక్కకి పిలిచి చెప్పింది, అత్త పూటకి ఒక ముద్ద గూడా తినటం లేదని, రోజురోజుకీ ఎండిపోతా ఉండాదని. ఇట్లే పోతే రాయి చెప్పిన రోజుకి నిజంగానే పోతాదని.

తిరిగొచ్చి ఈ మాటలన్నీ చెంచయ్యన్నకి చెప్పినా. చెప్పకుండా ఎట్లుంటా? ఆయన పుల్లమ్మ ఫైలు మళ్లీ తెరిచినాడు.

"సుస్మితా, ఇట్రా మా" అని పిలిచినాడు. "ఆ రోజు పుల్లమ్మ పేరు కింద నువ్వు పీకినప్పుడు ఆ అంకెలు కోసి ఉండాయా?"

"కోసి ఉండాయి కాబట్టే పీకినా పెదనాయనా. కోసినవన్నీ పీకమన్నారు, పీకినా."

"తెర మీద లేంది మిషను ఎట్ల కోసింది?"

సుస్మితకి ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకునే అలవాటుండాది. ఆమె పక్కన స్టూలు వేసుకొని కూర్చుంది. ఆ కొత్త సిస్టంలో ఒక మీట ఉండాదంట, అది నొక్కితే రంగులన్నీ పోయి ఒట్టి గీతలే కనపడతాయంట. నొక్కింది. తెర మీద అక్షరాలన్నీ దారంతో కుట్టినట్టు గీతలైనాయి. పుల్లమ్మ పేరు కింద, ఖాళీ చోటులో, ఆ తేదీ లేచి కనపడింది.

చెంచయ్యన్న కుర్చీలో వెనక్కి వాలినాడు. "తెల్లరంగు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆయనే నిదానంగా చెప్పినాడు. రెండో తేదీ చోటు సరిగ్గా ఎంత వదలాలో తెలియాలంటే, అక్కడ ఏదో ఒక తేదీ కొట్టి చూడాల. లేకుంటే తర్వాత ఉలితో చెక్కేటప్పుడు చోటు చాలదు, వరస వంకర పోతాది. అందుకని ఆయన ఉత్త తేదీ ఒకటి కొట్టి, దానికి తెల్లరంగు వేసేవాడు. పాత సిస్టంలో ఉండే కోత మిషను నల్లదాన్నే కోసేది, తెల్లదాన్ని వదిలేసేది. ఈ కొత్తది రంగు చూడదు. గీతుంటే కోస్తాది.

"అయితే పుల్లమ్మకి ఆ తేదీ ఎందుకు కొట్టినావన్నా?"

"ఆమెకి కొట్టలేదు రా. పాత ఫైలు మీదనే పేర్లు మార్చినా. కింద తెల్లగా ఉండేది నాకు గుర్తే రాలేదు."

సుస్మిత ఆ పాత ఫైలు తెరిచి మీట నొక్కింది. అదే తేదీ. అంతకంటే పాతది తెరిచింది. అదే తేదీ. రాచర్లవాళ్లది, వెలిగండ్లవాళ్లది, తెలిసినోళ్లవి, తెలియనోళ్లవి, ఎన్ని జంట రాళ్లు చేసినాడో అన్నిట్లోనూ బతికుండే మనిషి పేరు కింద ఒకటే తేదీ దాక్కోనుండాది. ఒక ఫైలు మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి చేసుకుంటా వచ్చినాడు గదా. ఇన్నేండ్లూ ఆ మనుషులందరి పేర్ల కిందా అది కూర్చోనుండాది, ఎవరికీ కనపడకుండా.

"అన్నిటికంటే మొదటిది తెరువు మా" అన్నాడు ఆయన. ఏం వస్తాదో ఆయనకి అప్పటికే తెలుసనుకుంటా.

తెరిచింది. రత్నమ్మ, చెంచయ్య. రత్నమ్మ కింద రెండు తేదీలు. చెంచయ్య కింద పుట్టిన తేదీ, దాని పక్కన గీతల్లో పద్దెనిమిది, పదకొండు, రెండువేల ఇరవై ఐదు.

"ఆమె పోయింది పద్దెనిమిదో తేదీ, పదకొండో నెల" అన్నాడు. "చోటు కొలుచుకునేదానికి ఆమె తేదీనే నా పేరు కింద గూడా కొట్టి, సంవత్సరం ఒక్కటీ మార్చినా. దూరంగా ఉండేది ఏదో ఒకటి వేసినా. అంత దూరం నేనెట్లాగూ బతకను అనుకున్నా అప్పుడు."

సుస్మిత మీట మళ్లీ నొక్కి ఆ గీతలు కనపడకుండా చేసింది. బయట గాలి మిషను ఆగిపోయి ఉండాది.

ఆ ఆదివారమే మళ్లీ రాచర్ల పక్కకి పోయినాం. పుల్లమ్మ అరుగు మీద పడుకొని ఉండాది. మమ్మల్ని చూసి లేచి కూర్చుంది. చెంప లోపలికి పోయి ఉండాది. చెంచయ్యన్న ఆమె ముందర నేల మీద కూర్చున్నాడు.

"చెల్లా, ఆ తేదీ నీది కాదు. నాది."

"నీదేంది అన్నా?"

ఆయన అంతా చెప్పినాడు. కంప్యూటరు, తెల్లరంగు, రత్నమ్మ రాయి, అన్నీ. ఆమెకి కంప్యూటరు సంగతి ఎంత అర్థమైందో గాని, మిగిలింది బాగానే అర్థమైంది. ఆయన ముఖంలోకి చూసింది.

"నన్ను తినమని చెప్పేదానికి కత కట్టుకొని వచ్చినావా?"

"కాదు చెల్లా. మా రత్నమ్మ మీద ఒట్టు."

"అయితే నీది నువ్వు తీసుకపో. నా రాయి మీద ఎందుకు పెట్టినావు?"

"తీసుకపోతా."

"మాటేనా?"

"మాటే."

పుల్లమ్మ నవ్వింది. మామూలు నవ్వే. "సరే పో. నీ సొమ్ము నాకెందుకు? ఒసే, ఈ మనుషులకి అన్నం పెట్టు" అని కోడల్ని కేకేసింది. మాతోపాటు ఆమె గూడా కూర్చొని తిన్నది. సగం గిన్నె పప్పు ఆమే వేసుకున్నది. కోడలు తలుపు చాటున నిలబడి కళ్లు తుడుచుకుంది.

దారిలో చెంచయ్యన్న బండి మీద నా వెనక కూర్చున్నాడు. ఉత్త మాటకి అన్నావు గదా అన్నా అని నేను అడుగుదామనుకున్నా. అడగలేదు. గాలి చప్పుడుకి నాకు వినపడదనుకున్నాడేమో, ఆయన తనలో తాను ఏదో అనుకుంటా ఉండాడు.

పుల్లమ్మ జీవాలు తిరిగి తెచ్చుకున్నదని తెలిసింది. చెంచయ్యన్న గూడా బాగానే ఉండాడు. బాగా ఉండటమంటే, కొత్త సిస్టం ఆయనకి చేతికొచ్చేసింది. వేలు తడుముకోవటం పోయింది. వీరేంద్ర సంబరపడి, "చూసినావా మామా, ఒంగోలోడెందుకు మనకి?" అన్నాడు. ఆయన పగలంతా సుస్మితని పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కొక్కటీ నేర్పినాడు. పాత ఫైళ్లన్నీ ఒక్కొక్కటే తెరిపించి, గీతల మీట నొక్కించి, ఆమె చేత్తోనే ఆ తేదీలు తీసేయించినాడు. "ఖాళీ అంటే ఖాళీగానే వదలాల మా. కనపడకుండా ఏదీ పెట్టొద్దు" అని చెప్పినాడు. ఒక్కటి మాత్రం తీయనీలేదు. మొదటిది.

"అది గూడా తీసేస్తా పెదనాయనా."

"అది ఉండనీ. అది నా పని."

నాకు ఆ మాట నచ్చలేదు. దసరాకి అందరం పనిముట్లకి పసుపు కుంకం పెట్టుకునేటప్పుడు, ఆయన కొత్త కంప్యూటరుకి పెట్టినాడు, కోత మిషనుకి పెట్టినాడు. ఆ తర్వాత మూలనుండే ఉలి సంచి తీసి, అన్ని ఉలులూ నూనె పెట్టి, సానరాయి మీద పదును పెట్టుకున్నాడు. ఆ నెలలో ఎవరిదీ ఆఖరి తేదీ చెక్కే పని రాలేదు. "ఎందుకన్నా ఇప్పుడు?" అంటే, "తుప్పు పడతాయి" అన్నాడు.

కార్తీకం వచ్చింది. దగ్గు ఎక్కువైంది. ఆస్పత్రికి పోదాం పా అంటే, "పోదాం లే, ఈ నెల పోనీ" అనేవాడు. ఆ తేదీ దగ్గర పడే కొద్దీ నేను పొద్దున్నే గేటుకాడికి వచ్చి, ఆయన సైకిలు ఉండాదా లేదా అని చూసుకునేవాణ్ణి. సుస్మిత గూడా అట్లే చూసేది. ఒకరి ముఖం ఒకరం చూసుకొని లోపలికి పోయేవాళ్లం.

సోమవారం ఆయన పనికి వచ్చినాడు. ఉపవాసమన్నాడు. సాయంత్రం దాకా పేర్లు కొట్టినాడు. కంప్యూటరు తడిగుడ్డతో తుడిచినాడు, ఇంతకుముందు రాళ్లు తుడిచినట్టు, మూలమూలా వేలు పెట్టి. రోజూ పోయేటప్పుడు "అంకయ్యా, పోతన్నా" అని కేకేసే మనిషి. నేను లారీకి రాళ్లు ఎక్కిస్తా ఉన్నా. కేక వినపడలేదు. తల తిప్పి చూసేసరికి సైకిలు లేదు.

మంగళవారం రాలేదు. అది పద్దెనిమిదో తేదీ.

వీరేంద్ర ఫోను చేసినాడు, స్విచ్చాఫు. సుస్మిత కంప్యూటరు తెరిచింది. తెర మీద ఏమీ లేదు. వెతికింది. రత్నమ్మ, చెంచయ్య ఫైలు గూడా లేదు. మూలన ఉలి సంచి లేదు. నేను వీరేంద్ర బండి తీసుకొని కురిచేడు దారిన ఆయన ఊరికి పోయినా. ఇంటికి తాళం. పక్కింటాయన, "తెల్లారకముందే చేనికి పోయినాడు, ఉలి చప్పుడు వినపడింది" అన్నాడు.

చేన్లో రత్నమ్మ వదిన రాయి కాడికి పోయినా. సైకిలు దిమ్మెకి ఆనించి ఉండాది. మనిషి లేడు. రాయి కింద గడ్డి మీద తెల్లటి పొడి ఇంకా తడి తాకకుండా ఉండాది. చెంచయ్య పేరు కింద నున్నగా ఉండిన చోట ఆ తేదీ చెక్కి ఉండాది. మిషను కోసింది కాదు, ఉలిదే. ఇన్నేండ్ల కింద వదిలిన చోటులో అంకెలు సరిగ్గా సరిపోయినాయి. వరస ఎక్కడా వంకర పోలేదు. ఉలి సంచి మాత్రం అక్కడ లేదు.

చుట్టూ కేకేసినా. కందిచేను, అవతల వంక, దాని అవతల రైలు పట్టాలు. ఎవరూ పలకలేదు.

జేబులో ఫోను మోగింది. గబగబా తీసినా. పుల్లమ్మ, కొడుకు ఫోను నుంచి.

"అంకయ్యా, నేనే. బతికే ఉండా రా" అని నవ్వింది. వెనక జీవాలు అరుస్తా ఉండాయి. "మా వాళ్లు నన్ను పొద్దున్నించి కదలనీయకుండా కూర్చోబెట్టినారు. మీ చెంచయ్యన్నకి ఫోను కలవటం లేదు. ఆయన పక్కన ఉండాడా? ఒకసారి ఇయ్యి."

నేను రాయి వైపు చూసినా.

"ఊరికి పోయినాడు అత్తా" అన్నా.

"ఏ ఊరికి?"

"చెప్పలేదు."